తాపీగా పూసిన గచ్చు పువ్వు

టోలి మసీదును మధ్యాహ్నం చూసినవాళ్ళు చూడనట్టే లెక్క. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య హైదరాబాద్‌లోని కార్వాన్‌కు వెళ్ళాలి. మసీదు ముఖం తూర్పుకు. అప్పుడే పైకొచ్చిన ఎండ గోడ మీద ఏటవాలుగా జారుతుంటే అయిదు కమానుల పైన గచ్చులో తీర్చిన ప్రతి రేకు కిందా వెంట్రుకవాసి నీడ పడుతుంది. ఆ నీడతోనే పువ్వు గోడలోంచి లేచి నిలబడుతుంది. పొద్దెక్కేకొద్దీ నీడలు ముడుచుకుపోతాయి, గోడ చప్పబడిపోతుంది. దాన్ని చెక్కిన మేస్త్రులకు ఈ సంగతి తెలుసు. ఎంత లోతు తీయాలో, అంచు ఎటు వాల్చాలో సూర్యుణ్ణి అడిగి చేసిన పని అది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు తనివి తీరలేదు.

మనవాళ్ళు సున్నానికి సుధ అని పేరు పెట్టారు. అమృతానికీ అదే పేరు. సుధతో మెరిసే ఇల్లు కాబట్టే సౌధం అయింది. ఇప్పటి పిల్లలకు గచ్చు అంటే నేల ఒక్కటే గుర్తొస్తుంది. పాతబస్తీలో గచ్చు పని అంటే సున్నంతో గోడ మీద తీర్చే శిల్పం. ఆ శిల్పం చేసిన మనిషిని ఎవరూ శిల్పి అనలేదు, తాపీ మేస్త్రి అన్నారు. చేతిలో పనిముట్టు తాపీ, పని చేసే తీరు తాపీగా. ఈ విద్యకు ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి, పగిలి, పిండి పిండి అవుతుంది. దాన్ని గోతిలో నీళ్ళ కింద ఊరబెడతారు, వారాల తరబడి, వీలైతే నెలల తరబడి. ఆవకాయకు ఊట ఎలాగో సున్నానికీ అలాగే. ఊరిన సున్నంలో ఇసుక, సుర్కీ అనే మెత్తటి ఇటుక పొడి కలిపి గానుగలో వేస్తారు. ఎద్దు తిరుగుతుంటే రాతి చక్రం కింద అది నలిగి నలిగి తాపీకి వెన్నలా అంటుకునే దాకా నూరుతారు. డంగు సున్నం అని మన ఊళ్ళలో ముసలివాళ్ళు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకునేది ఇదే. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు, మారేడు గుజ్జు, మినపపిండి, కోడిగుడ్డు తెల్లసొన, వీటిలో ఏది ఎంత కలపాలన్నది ఒక్కో ఉస్తాద్ ఇంట్లో ఒక్కో లెక్క. తండ్రి కొడుక్కి చెబుతాడు, అల్లుడికి చెప్పడు అంటారు.

అసలు అద్భుతం గోడ ఎక్కాక మొదలవుతుంది. సున్నం ఆరడం ఒక్కటే కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లమెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. కొండలోంచి వచ్చిన రాయి నిప్పులో పడి, నీళ్ళలో మునిగి, మనిషి చేతిలో పువ్వై, తిరిగి రాయిగా స్థిరపడుతుంది. ఈ మార్పు ఏళ్ళ తరబడి సాగుతుంది. అందుకే మంచి గచ్చు పాతబడేకొద్దీ గట్టిపడుతుంది.

శాలిబండ వైపు ఒక చిన్న మసీదు మరమ్మతులో ఒక పెద్దాయన పని చేస్తుంటే రెండు రోజులు పక్కనే కూర్చున్నాను. ముందు గరుకు పూత, దాని మీద సన్న పూత, అన్నిటికీ పైన మీగడ లాంటి తెల్ల సున్నం. కాగితం మీద గీసిన పువ్వు గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి ఉంచారు. దాన్ని ఖాకా అంటారు. కాగితాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో తట్టితే గీత గోడ మీద చుక్కలుగా దిగింది. తరవాత ఆయన ఏమీ చేయలేదు. బీడీ కూడా ముట్టకుండా గోడ వైపే చూస్తూ కూర్చున్నారు. అప్పుడప్పుడూ లేచి ఒక మూల బొటనవేలు నొక్కేవారు. ముద్ర పడాలి, వేలికి సున్నం అంటకూడదు. ఆ అదను ముందు కోస్తే అంచు జారుతుంది, దాటాక కోస్తే పెచ్చు లేస్తుంది. గొడుగు పుల్లను సానపట్టి చేసుకున్న చిన్న చాకు ఆయన పనిముట్టు. అదను వచ్చాక చెయ్యి కదిలిన వేగం చూడాలి! రేకు మొదట్లో లోతుగా దిగి, కొసకు వచ్చేసరికి గాలిలో తేలిపోయే కోత. తప్పు కోత ఒక్కటీ లేదు. ఇంత పెద్ద తామరకు ఎన్ని రోజులు పడుతుంది ఉస్తాద్ అని అడిగాను. "హల్లు హల్లు, సాబ్. చూనే కో జల్దీ నక్కో" అన్నారు. సున్నానికి తొందర పనికిరాదు.

ఈ నగరంలో ఏ కాలం ఎలాంటిదో నాకు గచ్చే చెప్పింది. గోల్కొండ బాలాహిసార్ దర్వాజా దగ్గర తలెత్తి చూడండి. కమాను భుజాల మీద మన గుళ్ళలోని యాళి మృగాలు, పైన పురి విప్పిన నెమళ్ళు. సుల్తాను కోట గుమ్మానికి గుడి మేస్త్రి ఊహ. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న కాలం అది. అద్దంకి గంగాధరుడు తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్రను పటాన్‌చెరు ఏలిన అమీన్‌ఖాన్ అందుకున్నాడు. సభలో ఏ కలయిక ఉందో గోడ మీదా అదే ఉంది. 1591లో చార్మినార్ లేచింది. దాని మినార్ల చుట్టూ అల్లిన గచ్చు తీగల్లో పారసీక తోటా ఉంది, మన తామరా ఉంది. ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలైందో విడదీసి చూపండి చూద్దాం!

టోలి మసీదు 1671 నాటిది. మక్కా మసీదు పనులు చూసిన మూసాఖాన్ మహల్దార్ కట్టించాడు. ఖర్చయిన ప్రతి రూపాయికీ దమ్డీ అనే చిన్న నాణెం చొప్పున ఆయనకు ముట్టిన సొమ్ముతో లేచిందని, అందుకే దమ్డీ మసీదని కార్వాన్ పెద్దలు చెబుతారు. కుతుబ్‌షాహీ గచ్చు శిఖరం ఇదే అని నా పట్టుదల. లక్నో మిత్రులు ఇమాంబారా గొప్పలు చెబుతుంటారు. అది 1780ల నాటి కట్టడం. అప్పటికి మా టోలి మసీదు పువ్వుకు నూరేళ్ళు దాటాయి.

1687లో గోల్కొండ పడింది. కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన మక్కా మసీదును 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. ఆ గ్రానైటు గాంభీర్యాన్ని ఎవరు కాదంటారు? కానీ ఆ ముఖం మీద నవ్వు లేదు. ఓడిపోయిన రాజధానిలో పువ్వులు తీర్చుకునే తీరిక ఎవరికుంటుంది?

ఆసఫ్‌జాహీ నిజాముల కాలంలో నవ్వు మళ్ళీ వచ్చింది, అయితే అది కొంచెం దర్బారు నవ్వు. చౌమహల్లా ఖిల్వత్‌లో 19 బెల్జియం షాండ్లియర్ల వెలుగులో గచ్చు తళతళలాడుతుంది. ఐరోపా నుంచి వచ్చిన పూలకుండీలు, దండలు కమానుల మీదికి ఎక్కాయి. చార్మినార్‌కు 1889లో గడియారాలు పెట్టిన తరం కదా! నా మనసు మాత్రం సంతోష్‌నగర్ దగ్గర పిసల్ బండలోని పైగా నవాబుల సమాధుల దగ్గరే ఆగిపోతుంది. జాలీ తెరల ముందు కూర్చుంటే గోడ కట్టారా, లేసు అల్లారా అనిపిస్తుంది. ఒక జాలీలో నక్షత్రాలు, పక్కదానిలో తీగలు. నవాబులు సంపదను చనిపోయినవాళ్ళ చుట్టూ అల్లించారని విమర్శించేవాళ్ళున్నారు. అనుకోనివ్వండి. ఆ సంపద మేస్త్రి ఇంటికి కూడా చేరింది, పిల్లలు ఆ పని నేర్చుకున్నారు.

1908 మూసీ వరద కుతుబ్‌షాహీల నాటి బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలోకి చొరబడి ఎనామెల్ పలకలను ఊడగొట్టింది. ఊడిన చోట పలకల బొమ్మను రంగులతో గీసి సరిపెట్టారు. అక్కడ నిలబడితే అసలు ఎక్కడ ఆగిందో, నకలు ఎక్కడ మొదలైందో చంటిపిల్లకూ తెలుస్తుంది. అయినా ఆ గీసినవాడిని నేను తిట్టను. చేతనైనంతలో భక్తిగా గీశాడు.

నా కోపమంతా ఇప్పటి పని మీద. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను రబ్బరు అచ్చులో పోసి, అరగంటలో పువ్వు తీసి, బంగారు రంగు పూసి గోడకు అతికిస్తున్నారు. ప్రతి ఫంక్షన్ హాలుకూ అవే పువ్వులు, ప్రతి పువ్వుకూ అదే ముఖం. కోత లేదు కాబట్టి నీడ లేదు. తడి తగిలితే ఉబ్బి రాలిపోతుంది. దీన్ని నిజాం స్టయిల్ అని అమ్ముతున్నారు! కొత్త ఇళ్ళవాళ్ళు వాళ్ళ డబ్బుతో ఏమైనా చేసుకోనీ. నాలుగు వందల ఏళ్ళ గోడ మీద సిమెంటు పూస్తే మాత్రం ఎలా ఊరుకుంటాం? సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. పీల్చిన చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు దాని ముక్కు మూస్తుంది. చెమ్మ లోపలే తిరిగి, ఉప్పు పేరుకుని, పక్కనున్న పాత గచ్చును కూడా వెంటబెట్టుకుని ఒక వానాకాలం ఊడిపోతుంది. ఇక పండగ పండగకూ వేసే ఆయిల్ పెయింటు సంగతి చెప్పనే వద్దు. ఎన్నో గుమ్మాల మీద రేకుల మధ్య గాడులు పెయింటుతో పూడిపోయి, తామరలు ఉబ్బిన పూరీల్లా మిగిలాయి.

2019 మే 1 రాత్రి చార్మినార్‌లో, మక్కా మసీదు వైపు మినారు నుంచి గచ్చు పువ్వుల ముక్క ఊడి కిందపడింది. మనుషులకేమీ కాలేదు. వార్త రెండు రోజులు నడిచింది. అదే ఏడాది సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో మట్టి కిందనుంచి నిలువెత్తు గచ్చు బోధిసత్వుడు బయటపడ్డాడు. ఇటుక మీద సున్నంతో తీర్చిన మూర్తి. ఈ నేల మీద సుధ పని చార్మినార్ కంటే వెయ్యేళ్ళకు పైగా ముందునుంచీ ఉందని ఇంకెవరు సాక్ష్యం చెప్పాలి? అంత పాత విద్య మన చేతుల్లో, మన కళ్ళ ముందే జారిపోతోంది.

చేయలేమా అంటే చేశారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టువాళ్ళు గోడల మీది సిమెంటును పెచ్చు పెచ్చుగా ఒలిచి మళ్ళీ సున్నం ఎక్కించారు. అక్కడ గుమ్మటాల అడుగున తామర రేకులు చూసి నేను పిల్లాడిలా చప్పట్లు కొట్టాను. ఆ ఓపికలో పదో వంతు పాతబస్తీ గల్లీలకు రావాలి. పాత కట్టడం మరమ్మతును తక్కువ ధర కోట్ చేసినవాడికి కట్టబెట్టే పద్ధతి పోవాలి. సున్నం ఊరడానికి పట్టే నెలలను టెండరు కాగితంలో ముందే రాయాలి. ఉస్తాద్‌కు రోజు కూలీ కాదు, పనికి తగ్గ వెల ఇవ్వాలి, ఆయన పక్కన నేర్చుకునే కుర్రాడికి కూడా జీతం కట్టివ్వాలి. మసీదు కమిటీలకు, గుడి కమిటీలకు, దేవిడీలనే పాత భవంతుల వారసులకు చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. డబ్బు లేకపోతే గోడను అలాగే వదిలేయండి. సిమెంటు మాత్రం పూయకండి.

మాది లాల్‌దర్వాజ. చిన్నప్పుడు నేను బడికి పోయే దారిలో ఒక దేవిడీ గుమ్మం ఉండేది. కమానుకు రెండు వైపులా రెండు తామరలు. ఒక వేసవి సెలవుల తరవాత చూస్తే, పని పట్టిన కాంట్రాక్టరు ఎవరో గానీ, గోడంతా సిమెంటుతో నున్నగా చేసేశాడు. కుప్పగా పోసిన మట్టిలో నాకు ఒక రేకు దొరికింది. అరచేతిలో పట్టేంత ముక్క. అప్పటినుంచీ మా ఇంటి గూట్లోనే ఉంది. శాలిబండలో పని ముగిసిన సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి ఆ పెద్దాయన చేతిలో పెట్టాను. తడి గుడ్డతో తుడిచి, ముందు వైపు చూడకుండా తిప్పి వెనక చూశారు. అక్కడ సున్నాన్ని గోడకు అదిమిన వేలిముద్ర ఉంది. ఇన్నేళ్ళు నా ఇంట్లో ఉన్నా నేను గమనించలేదు. ఆయన తన బొటనవేలు ఆ గుంటలో ఆనించి చూసుకుని, "ఒక్క రాత్రి ఉంచుకుంటా సాబ్" అన్నారు. రుమాల్లో చుట్టి పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున రేకు తిరిగి ఇచ్చేటప్పటికి, దాని చుట్టూ ఆయన పూర్తి చేసిన తామర మొత్తం కాగితం మీద ఉంది, గీతల వెంట సూది చిల్లులతో సహా.