గోలీసోడా: నాలుక ఇచ్చు తీర్పు

వేసవిలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బజారులలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు దాహమునకు చౌకగా దొరకు పానీయము గోలీసోడా. బండివాడు గోలీని లోనికి నొక్కగనే కీచుమని మ్రోయును, నాలుక చురుక్కుమనును, త్రాగినవారు ‘మంచి సోడా’ అందురు. ఈ తీర్పు ఎంతవరకు సరియైనదో పరిశీలింపదగును.

సోడా బీరు తొట్ల ప్రక్కన పుట్టినది. 1767లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున, బీరు పులియు తొట్లపై నిలిచియుండు బొగ్గుపులుసు వాయువును జోసెఫ్ ప్రీస్ట్లీ నీటిలో కలిపి చూచెను. సోడానీరు చేయు పద్ధతిని 1772లో ప్రకటించెను. నూరేండ్ల తరువాత, 1872లో, హైరమ్ కాడ్ గోలీసీసాకు పేటెంటు పొందెను. ఈ సీసాలో వాయువు పీడనమే గోలీని మెడలోని రబ్బరు ఉంగరమునకు అదిమిపట్టును. వేరు బిరడా అక్కరలేదు. చౌక సరకునకు ఇంతకన్న చక్కని యుక్తి అరుదు.

ఇక రుచి. చురుకు బుడగల వలన కలుగునని పలువురి నమ్మకము. అసలు కారణము వేరు. వాయువు నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లమగును. పులుపును గుర్తించు కణములే దీనిని గూడ పసిగట్టునని 2009లో ఎలుకలపై జరిగిన ప్రయోగములు తెలిపినవి. బుడగలు పుట్టనంతటి పీడనములో త్రాగినవారికి గూడ చురుకు తెలిసినది.

చల్లదనము వాయువును నీటిలో ఎక్కువగా నిలుపును. ఇతర రుచులను మందగింపజేయును. అమెరికాలో విస్తారముగా తయారగు చౌక లాగర్ బీరును మంచువలె చల్లగా ఇచ్చినప్పుడును జరుగునది ఇదియే. కనుక సోడా నీటి రుచిని ఎరుగగోరువారు దానిని గ్లాసులో పోసి, వాయువు పోయి వెచ్చబడిన పిదప చప్పరించి చూడవలెను. నీటి ఉప్పదనము అప్పుడు బయటపడును.

అయినను నాలుకకు అందని దోషమొకటి కలదు. పులివెందుల ప్రాంతమున కొన్నిచోట్ల భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చు. త్రాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు లేనిచోట 1.5 వరకు అనుమతింపవచ్చుననియు భారత ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో దంతములు మచ్చలుపడును, ఎముకలు చెడును. అట్టి నీటిని రుచిచే గాని, వాసనచే గాని గుర్తింపలేము. వాయువు నింపినను, చల్లార్చినను ఫ్లోరైడు పోదు.

కావున సీసాకు నిండు మార్కులు వేయవచ్చును. చురుకునకు నాలుకయే మార్కులు వేయును. నీటికి మాత్రము ప్రయోగశాలయే మార్కులు వేయవలెను. సోడాను మెచ్చుకొనుటకు ముందు అందులోని నీరు ఎక్కడిదో అడుగుట విద్యార్థులు అలవరచుకొనదగిన పద్ధతి.