జాబర్ చూపు, కారు కంప్రెసర్

మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల పేటల్లో తెలుగు వినబడుతుంది. ఈ ఊరికి కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు బతుకుదెరువుకు వచ్చి తరాలుగా స్థిరపడ్డారు. అక్కడి పద్మనగర్ పేట వాళ్లదే. సాంచె, అంటే మరమగ్గం, మొరాయిస్తే వాళ్లు పిలిచేది దాన్ని బాగుచేసే జాబర్‌ని.

నాడె మాటిమాటికీ ఎగిరి పడుతుంటే మంచి జాబర్ కొత్త నాడె పెట్టి చేతులు దులుపుకోడు. పికింగ్ కర్ర దెబ్బ సరిగా పడుతోందా, పడుగు వేళకు తెరుచుకుంటోందా, నాడె పెట్టె వదులైందా అని ఒక్కొక్కటీ చూస్తాడు. విరిగిన వస్తువు కన్నా విరిచిన కారణాన్ని ముందు వెతికే ఈ పద్ధతే ఆ విద్యకు ప్రాణమని నా నమ్మకం. ఇంటి ముందు కారు ఏసీ కంప్రెసర్ మార్చుకోవాలనుకునేవాళ్లకు కావలసిందీ అదే.

కంప్రెసర్ ఊరికే పట్టేయడం తక్కువ. ఎక్కడో గ్యాస్ కారి ఉంటుంది. దాంతోపాటు తిరగాల్సిన నూనె వెనక్కి చేరదు, లోపలి భాగాలు ఒరుసుకుని అరుగుతాయి, ఆ రజను గొట్టాల్లోకి, కండెన్సర్‌లోకి పోతుంది. అదంతా అలాగే ఉంచి కొత్త కంప్రెసర్ బిగిస్తే దానికీ అదే గతి.

ముందు గ్యాస్ సంగతి. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఒంటి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. గాలిలోకి వదిలితే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అందుకని పైపు విప్పకముందే వర్క్‌షాపులో యంత్రంతో తీయించాలి. హైబ్రిడ్, విద్యుత్ కార్ల కంప్రెసర్లు చాలావరకు అధిక వోల్టేజీతో నడుస్తాయి, వాటి జోలికి ఇంట్లో పోవద్దు.

పాత కంప్రెసర్ దిగాక దాని నూనెను కొలపాత్రలోకి వంచి చూడాలి. అసలు కథ అక్కడే తెలుస్తుంది. నల్లబడి, మెరిసే రజను కనిపిస్తే గొట్టాలు కడగాలి. ఇప్పటి కండెన్సర్ల సన్నని దారులు కడిగినా శుభ్రపడవు, మార్చడమే మేలు. కొత్త కంప్రెసర్‌లో నూనె ఎంత ఉందో చూసి, తయారీదారు చెప్పిన లెక్కకు సరిచేయాలి. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, తక్కువైతే మళ్లీ అరుగుదలే. ఈ నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది కనుక మూతలు చివరి నిమిషం దాకా తీయకూడదు. తేమ పీల్చే డ్రయర్, జాయింట్ల ఓ-రింగులు తప్పకుండా కొత్తవి వేయాలి. బెల్టు వేసేముందు కంప్రెసర్‌ను చేత్తో పదిసార్లు తిప్పితే లోపల నిలిచిన నూనె కదులుతుంది.

ఆఖరున వ్యాక్యూమ్ పంపు. కనీసం అరగంట నడిపితే ఒత్తిడి పడిపోయి, లోపలి తేమ మామూలు వేడికే మరిగి బయటికి పోతుంది. పంపు ఆపి గేజీని గమనించాలి. ముల్లు కదలకపోతే బానెట్ కింది స్టిక్కర్ మీద రాసిన గ్రాముల ప్రకారం గ్యాస్ తూచి నింపించుకోవచ్చు. కదిలితే, కారుతున్న జాయింటు దొరికేదాకా నింపకూడదు.