ఇంటిపేరు లేని వీరనారి

నల్లకుంటలో కోరంటి దవాఖాన చుట్టుపక్కల సందుల్లో అద్దెగదులు చాలా ఉంటాయి. ఒక్కో గదిలో నలుగురైదుగురు ఆడపిల్లలు. ఊళ్ళ నుంచి వచ్చి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్ళు. పొద్దున్నే అశోక్‌నగర్ కోచింగుకో, చిక్కడపల్లి లైబ్రరీకో నడిచిపోతారు. వాళ్ళలో ఒక అమ్మాయి మొన్నొక సాయంత్రం తెలంగాణ చరిత్ర గైడు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. సాయుధ పోరాటం పాఠం. పేర్ల కింద పెన్సిల్ గీతలు. "మేడమ్, అందరికీ ఇంటిపేర్లున్నాయి. ఐలమ్మకు మాత్రం కులం పేరెందుకుంది?" అని అడిగింది.

పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. సిగ్గుపడాల్సిన విషయమే.

ఆ పేజీలో పేర్లు చూడండి. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం. ఇవి ఇంటిపేర్లు. ఆడవాళ్ళకు ఇంటిపేరంటే మొగుడి ఇంటిపేరేనన్న సంగతి ఉండనే ఉంది. భీమిరెడ్డి వాళ్ళింట్లో పుట్టిన స్వరాజ్యం మల్లు స్వరాజ్యం అయింది. అది వేరే తగాదా. ఐలమ్మకూ అట్లాంటి ఇంటిపేరే ఉంది, చిట్యాల. కానీ పుస్తకాల్లో, పాటల్లో, పరీక్షల్లో ఆమె చాకలి ఐలమ్మ. కింది కులం కాబట్టి అట్లా అయింది అనుకుందామా? అదే పేజీలో దొడ్డి కొమరయ్య ఉన్నాడు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకికి బలైన కురుమ యువకుడు. ఆయనకు ఇంటిపేరే నిలిచింది. అంటే కింది కులపు మగవాడికి దక్కింది కింది కులపు ఆడమనిషికి దక్కలేదు. కులమూ ఆడతనమూ కలిసి ఒకే మనిషి మీద ఎట్లా పనిచేస్తాయో చెప్పడానికి పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాలు అక్కర్లేదు, ఈ మూడు నాలుగు పేర్లు చాలు.

ఒక అభ్యంతరం వస్తుంది. రజక సంఘాలవాళ్ళే ఆ పేరును గర్వంగా పెట్టుకుంటున్నారు కదా, మధ్యలో నీకేమిటి నొప్పి అని. నిజమే. తిట్టును జెండాగా ఎత్తుకోవడం మనందరికీ తెలిసిన పోరాట రూపమే. దళిత అనే మాటకూ, మాదిగ దండోరాకూ ఉన్న బలం అదే. నా పేచీ ఆ వాడకంతో కాదు. గడిలో దొర నోట కులం పేరు వచ్చిందంటే అది పేరు కాదు, పని పురమాయింపు. ఫలానా కులం కాబట్టి ఫలానా వెట్టి బాకీ. చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, డప్పు కొట్టాలి, కబురు మోయాలి. కులం తనకు తాను పెట్టుకున్న పేరునూ, చరిత్రకారుడు ఆలోచించకుండా దొర నోట్లోంచి తీసుకుని రాసిన పేరునూ ఒకటిగా చూడలేం.

అసలు ఐలమ్మ చేసిందేమిటి? పాలకుర్తిలో మల్లంపల్లి భూస్వామి దగ్గర 40 ఎకరాలు కౌలుకు తీసుకుంది. 4 ఎకరాల్లో సాగు చేసింది. ఊరి పట్వారీ తన పొలంలో పనికి రమ్మంటే రానంది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి అక్కడ మండింది. చాకలిది భూమి చేసుడేంది, పిలిస్తే రాకపోవుడేంది అన్నదే ఆ మంట. పంట కోసుకుపోవడానికి మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు ఐలమ్మ పక్షాన నిలబడ్డారు, పంట ఆమె ఇంటికి చేరింది. తర్వాత ఇల్లు తగలబెట్టారు. ఆమె వంగలేదు.

ఇందులో ఆమె ఇల్లు దాటి బయటికొచ్చింది ఎక్కడ? ఆమె ఎప్పుడూ బయటే ఉంది. రేవులో, పొలంలో, గడి వాకిట్లో. తెలంగాణ స్త్రీల చరిత్రను మనం పరదా నుంచి పోరాటానికి, వంటింటి నుంచి తుపాకికి నడిచిన కథగా చెప్పుకుంటాం. భూమి ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకు ఆ కథ నిజం. దాని విలువ నేను తగ్గించను, ఆ గడప దాటడానికి వాళ్ళు ఎంత తెగించారో తెలుసు. ఐలమ్మ దాటింది వేరే గీత. పరాయి పొలంలో చాకిరీ చేసే మనిషి తన పంట తనదని చెప్పింది. ఒకరిది గడప సమస్య, ఇంకొకరిది గట్టు సమస్య. రెంటినీ స్త్రీల చైతన్యం అన్న ఒక్క మాట కింద తోసేస్తే గట్టు కనపడకుండా పోతుంది.

ఈ చూపుతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మళ్ళీ చదివాను. ఆ పుస్తకానికి మనమంతా రుణపడి ఉన్నాం. పార్టీ చరిత్రల్లో అన్నం వండి పెట్టినవాళ్ళుగా, ఉత్తరాలు మోసినవాళ్ళుగా మిగిలిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ గొంతుతోనే చెప్పించింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న పోయింది. మరుసటి ఏడు ఆ పుస్తకం రాకపోయుంటే ఆమె మాట మనకు ఎంత మిగిలేదో. అయితే పుస్తకం మొత్తం మీద మనసులో నిలిచే బాధ ఏమిటి? 1951లో పోరాటం ఆగాక పార్టీ ఆడవాళ్ళను ఇళ్ళకు పొమ్మంది అన్నది. న్యాయమైన బాధ. కానీ ఇంటికి పొమ్మంటే ఎవరు ఏ ఇంటికి పోయారు? ఆ పుస్తకంలోనే కమలమ్మ ఉంది. దొరల ఇళ్ళలో తరతరాల బానిసచాకిరీ చేసిన ఆడవాళ్ళ కడుపున పుట్టింది. దళంలో తిరుగుతూ పసిబిడ్డను వదులుకుంది. దొర కూతురు పెళ్ళయి పోతుంటే ఆడబాపగా వెంట పంపిన పిల్లకూ, ఆ దొర కూతురికీ ఇల్లు అన్న మాట ఒకటి కాదు. ఒకరికి చెర అయిన ఇంట్లోనే ఇంకొకరు ఆ చెరలో ఉన్నామెకు కాళ్ళు కడిగారు. ఆ కథలన్నీ పుస్తకంలో ఉన్నాయి, వాటిని విడదీసి చూసే కన్ను ఇంకా తెరుచుకోలేదు. ఆనాటికి మన ఉద్యమాలు అక్కడిదాకానే వచ్చాయి. నింద వేయడానికి చెప్పడం లేదు.

అధికారం మాటకొస్తే తేడా ఇంకా స్పష్టం. 1952లో ఆలేరు నుంచి కమలాదేవి శాసనసభకు వెళ్ళింది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి స్వరాజ్యం వెళ్ళింది. ఇద్దరూ అర్హులే. ఐలమ్మకు సభల్లో దండలు పడ్డాయి. తిరగబడినప్పుడు బహుజన స్త్రీ, పాలించాల్సి వచ్చినప్పుడు ఇంకొకరు. ఈ పని విభజన మన వామపక్షాలకు ఎబ్బెట్టుగా తోచలేదు.

మరి పాలించిన దళిత స్త్రీ లేదా? ఉంది. ఆమె స్త్రీల పోరాట చరిత్రలో కనపడదు. టి.ఎన్. సదాలక్ష్మి సికింద్రాబాద్ వైపు దళిత కుటుంబంలో పుట్టి, 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్‌గా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసింది. గుడి బయట నిలబెట్టిన కులపు ఆడమనిషి గుళ్ళ ఫైళ్ళ మీద సంతకం పెట్టింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచింది. 1990ల్లో దండోరాకు పెద్దదిక్కయింది. 2004లో పోయింది. గోగు శ్యామల రాసిన 'నేనే బలాన్ని' 2011లో వచ్చేదాకా ఆమెకు పుస్తకమే లేదు. ఎందుకు? ఆమె కాంగ్రెస్ మనిషి. పోరాటం ఆగాక దొరలు చేరిన పార్టీ అదే. కాబట్టి మార్క్సిస్టులకు ఆమె లెక్కలోకి రాలేదు. కుటుంబాన్ని కేంద్రంగా పెట్టుకున్న స్త్రీవాదులకు ఆమె రాజకీయాలు పట్టలేదు. నిజానికి ఆమె వెనక ఉన్న నేల వేరు. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, ఆది హిందువులకు బడులు నడిపి, జోగిని ఆచారం మీద కొట్లాడిన భాగ్యరెడ్డి వర్మ నడిచిన జంటనగరాలివి. ఆ తొవ్వను పక్కన పెట్టి తెలంగాణ స్త్రీల చరిత్ర రాస్తే అందులో సదాలక్ష్మికి చోటుండదు.

శ్యామల పుస్తకం శీర్షికలోనే ఉంది తేడా. వీరనారి అని ఇంకొకరు బిరుదివ్వడం కాదు, బలం నేనే అని మనిషి తనే చెప్పుకోవడం. అయితే ఆ పుస్తకం సదాలక్ష్మి పట్ల ప్రేమతో కొన్నిచోట్ల ప్రశ్నలు తగ్గించుకుందనిపిస్తుంది. దొరల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న రోజుల్లో ఆమె ఏం రాజీపడింది, ఏం గుంజుకుంది అన్న లెక్క ఇంకొంత గట్టిగా అడగాల్సింది. మన నాయకురాలిని మనమే నిలదీయకపోతే ఆ పని మన తరఫున ఎవరూ చేయరు.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది. సంతోషించాను. మరునాడు ఆ వార్తను క్లాసులో చదివి వినిపించాను కూడా. గేటు మీద ఆ పేరు చూసి లోపలికి నడిచే పిల్లల్లో చాకలి, మాదిగ, మాల ఇళ్ళ పిల్లలుంటారు, వాళ్ళకది చిన్న విషయం కాదు. కానీ వీరనారి పక్కన కులం పేరు రాసిన ప్రభుత్వం ఏ రెడ్డి నాయకురాలి పేరు పక్కనైనా కులాన్ని అట్లా విడిగా రాస్తుందా?

గైడు తెచ్చిన అమ్మాయికి ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పలేదు. చిట్యాల అని చెప్పాను. పేజీ అంచున రాసుకుంది. కాసేపు ఆగి, "పరీక్షలో ఇట్లా రాస్తే మార్కు పోతుందా మేడమ్?" అంది. బిట్ పేపర్లో నాలుగు ఆప్షన్లే ఉంటాయి, రాయడానికి జాగా ఉండదు అన్నాను.