అక్కా, జర సైకిల్ చూస్తుంటవా?

సైకిల్ తొక్కడం పిల్లలు వేసవి సెలవుల్లో నేర్చేసుకుంటారు. దాన్ని ఒకచోట ఆపి, వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచి వెళ్లడం మాత్రం పెద్దయ్యాక కూడా ఓ పట్టాన రాదు. హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు సైకిల్ మీద తిరిగేవాళ్లకు ఈ రెండోదే అసలు విద్య. ఎత్తు ఎక్కడం కాళ్లు చూసుకుంటాయి. కొత్తగూడ చౌరస్తాలో బస్సుకు దారివ్వడం కళ్లూ చెవులూ చూసుకుంటాయి. బ్యాంకులో పనుంది, బండి ఎక్కడ పెట్టాలి అన్నచోటే బుర్రకు పని పడుతుంది.

ఎందుకంటే ఈ ప్రాంతంలో కారుకు నేల కింద మూడు నాలుగు అంతస్తుల జాగా ఉంది. బైకులకు గీతలు గీసిన వరసలున్నాయి. సైకిల్‌తో గేటు దగ్గరకు వెళితే సెక్యూరిటీ అతను ముందు మన బట్టల వంక, తర్వాత సైకిల్ వంక చూసి, "డెలివరీయా సార్?" అంటాడు. కాదంటే ఇంకా ఇబ్బంది పడతాడు. డెలివరీకైతే ఓ రూలుంది. సైకిల్ మీదొచ్చిన సార్‌కు ఏ రూలూ లేదు. "బయట పెట్టుకోండి సార్, లోపల జాగా లేదు" అని, తన తప్పు కాదన్నట్టు చేతులు తిప్పుతాడు. అతని తప్పు కాదు కూడా. బయట అంటే ఫుట్‌పాత్, కరెంటు స్తంభం, లేదంటే మొక్క చుట్టూ పాతిన ఇనప కంచె.

మన దగ్గర సైకిల్ తొక్కేవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2023 అక్టోబరు 1న అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పేరు హెల్త్‌వే. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో పాయ, నెత్తిన సోలార్ పలకల నీడ. తెల్లవారుజామున అక్కడికి వెళితే కారు వెనక స్టాండుకు తగిలించుకొచ్చిన సైకిళ్లు చూడొచ్చు. కొన్నిటి ఖరీదు చిన్న కారంత. వాటిలో చాలావాటికి తాళమే ఉండదు. ఉండక్కర్లేదు కూడా. కారులోంచి దిగుతాయి, మనిషి కిందే ఉంటాయి, మళ్లీ కారెక్కుతాయి. ఎక్కడా ఒంటరిగా నిలబడవు. వ్యాయామం సైకిల్‌కు దొంగ భయం తక్కువ. పనికి వెళ్లే సైకిల్‌కే ఆ భయమంతా.

అలా పనికి వెళ్లే సైకిళ్లు అయ్యప్ప సొసైటీలో, అంజయ్యనగర్‌లో, సిద్దిఖ్‌నగర్‌లో కనిపిస్తాయి. రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే అబ్బాయి, లిఫ్టు మెకానిక్ దగ్గర సహాయకుడు తొక్కే సైకిళ్లు. ఎక్కువగా పాతవే కొనుక్కుంటారు. వాటికి వెనక చక్రం దగ్గర ఫ్రేముకే బిగించిన గుండ్రటి తాళం ఉంటుంది. ఆ తాళం పడితే చక్రం తిరగదు, తొక్కుకుపోలేరు. అంతవరకే దాని పని. ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకునేవాణ్ని అది ఏమీ చేయలేదు.

అందుకే కాస్త తెలిసినవాళ్లు రెండో తాళం కొంటారు. ఇక్కడ మోసపోయేది కళ్లు. రంగురంగుల కేబుల్ లాక్ బొటనవేలంత లావుగా ఉంటుంది, నంబర్లు తిప్పితే తెరుచుకుంటుంది, చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. పైన ప్లాస్టిక్ తొడుగు ఒలిస్తే లోపల సన్నటి ఇనప తీగల పేట. చేతిలో పట్టే కట్టర్‌కు అది పెద్ద పని కాదు. ఇంగ్లీషు యూ అక్షరంలా వంచిన ఉక్కు కడ్డీ తాళం వేరు. మంచిదైతే దాన్ని కోయడానికి గ్రైండర్ కావాలి. గ్రైండర్ అరుస్తుంది, నిప్పులు రాలుస్తుంది, నలుగురి కంటా పడుతుంది. షెల్డన్ బ్రౌన్ అని అమెరికాలో ఒక సైకిల్ మెకానిక్ ఉండేవాడు, 2008లో పోయాడు. కడ్డీ తాళాన్ని ఎక్కడ వేయాలో ఆయన చెప్పిన పద్ధతి సైకిల్‌వాళ్లలో బాగా ప్రచారంలో ఉంది. వెనక చక్రం దగ్గర ఫ్రేము గొట్టాలు త్రికోణంగా కలుస్తాయి కదా, ఆ త్రికోణం లోపలికి వచ్చిన రిమ్మునూ స్తంభాన్నీ కలిపి తాళం వేస్తే చాలన్నాడు. చక్రం ఆ సందులోంచి బయటికి రాదు కాబట్టి ఫ్రేము కూడా రాదు. చిన్న తాళం చాలు. చిన్న తాళంలో పనిముట్టు దూర్చి పెకలించడానికి సందు ఉండదు.

ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. ముందు చక్రం చేత్తో తిప్పే లీవరుతో ఊడేదైతే దాన్నీ గొలుసుతో కలపాలి. కట్టే స్తంభం పొట్టిదైతే సైకిల్‌ను తాళంతో సహా పైకి లేపేస్తారు, అందుకని స్తంభాన్ని కింద నుంచి పైదాకా చూడాలి. పెడల్ ఇరుసు దూరే గొట్టం అడుగున సాధారణంగా ఫ్రేము నంబరు కొట్టి ఉంటుంది, సైకిల్ తలకిందులు చేసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. బైకుకు నంబర్ ప్లేటు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు ఉంటాయి. ఒకప్పుడు సైకిల్‌కూ మునిసిపాలిటీ, పంచాయతీ పన్ను కట్టించుకుని రేకు బిళ్ళ ఇచ్చేవి. ఇప్పుడా బిళ్ళా లేదు. పోలీస్ స్టేషన్‌లో "ఏ రంగు?" అని అడిగితే నలుపు అనడం తప్ప మన దగ్గర మిగిలేది ఆ అడుగున కొట్టిన నంబరొక్కటే.

ఇంతా చేస్తే తాళం చేసేదేమిటి? క్షణాల పనిని నిమిషాల పని చేస్తుంది. అంతకుమించి ఏ తాళమూ చేయలేదు. ఆ నిమిషాల్లో ఎవరో ఒకరు "ఏయ్, ఎవరిది బండి?" అనాలి. అనేవాళ్లు లేనిచోట ఎంత ఖరీదైన తాళమైనా దొంగకు కాస్త ఆలస్యం, అంతే. కాబట్టి తాళం వేయడం సగం విద్య. ఆ మాట అనే మనిషిని సంపాదించుకోవడం మిగతా సగం.

నేను ఎక్కువగా సైకిల్ పెట్టేది ఒక టిఫిన్ బండి పక్కన. బండి నడిపే ఆవిడ ఎడమచేత్తో పెనం మీద నీళ్లు చిలకరిస్తూ కుడిచేత్తో దోసె పిండి తిప్పుతుంటుంది. "అక్కా, జర సైకిల్ చూస్తుంటవా?" అంటే తల ఎత్తకుండానే, "ఎంతసేపు?" అంటుంది. ఆ ప్రశ్న వింటే నాకు ధైర్యం. "ఆ, పెట్టుపో" అన్నవాళ్లు మర్యాదకు అన్నట్టు. "ఎంతసేపు?" అన్నవాళ్లు ఒప్పుకున్నట్టు. అరగంట అని చెప్పి గంటకొస్తే మాట పడాల్సిందే. "పన్నెండైతే బండి కట్టేస్త, ఆ తర్వాత నాకు తెల్వదు" అని హద్దు కూడా ముందే చెబుతుంది. ఒకసారి నేను వచ్చేసరికి, సైకిల్ జరిపి బైకు పెట్టుకోబోతున్న కుర్రాణ్ని ఆవిడ గరిటె చూపించి ఆపుతోంది. "ఆ సార్ది, ముట్టకు." నా పేరు ఆవిడకు తెలియదు, ఆవిడ పేరు నాకు తెలియదు. మా మధ్య ఉన్నదల్లా ఆ ఒక్క అడగడం.

దీన్ని పరీక్ష పెట్టి చూసినవాడొకడున్నాడు. థామస్ మోరియార్టీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్ సముద్రతీరంలో చేసిన ప్రయోగం 1975లో అచ్చయింది. ఒక మనిషి తువ్వాలు పరచుకుని, రేడియో పెట్టుకుని కూర్చుంటాడు. కాసేపటికి లేచిపోతూ పక్కవాళ్లలో కొందరితో "కాస్త నా సామాను చూస్తుంటారా?" అంటాడు. మరికొందరితో ఇంకేదో చిన్న మాట మాట్లాడి వెళ్లిపోతాడు. తర్వాత దొంగ వేషంలో ఇంకొకడు వచ్చి రేడియో పట్టుకుపోతాడు. చూడమని అడిగించుకున్నవాళ్లలో 95 శాతం మంది వాణ్ని ఆపబోయారు. అడిగించుకోనివాళ్లలో 20 శాతం. తీరం అదే, దొంగ అదే, మనుషులూ అటువంటివాళ్లే. మధ్యలో తేడా ఒక్క వాక్యం.

2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పర్సుల పరిశోధన కూడా నాకు ఇదే చెబుతోంది. మన దేశంతో కలిపి 40 దేశాల్లో 17 వేలకు పైగా పర్సులను బ్యాంకుల్లో, హోటళ్లలో, పోలీస్ స్టేషన్లలో కౌంటర్ దగ్గర ఇచ్చి, సొంతదారుకు కబురు పెడతారా లేదా అని చూశారు. డబ్బు లేని పర్సుల విషయంలో సగటున 40 శాతం మంది కబురు పెట్టారు. డబ్బున్న పర్సులైతే 51 శాతం. ఎక్కువ డబ్బుంటే ఎక్కువ మింగేస్తారనుకున్న జనం అంచనా తలకిందులైంది. అందరూ ఈ అంకెల గురించే మాట్లాడతారు. నాకు నచ్చింది వేరే వివరం. పర్సు ఇచ్చే మనిషి ప్రతిచోటా చెప్పిన మాట ఇది: వీధిలో దొరికింది, నేను తొందరలో ఉన్నాను, దీని సంగతి మీరు చూడండి. అంటే అక్కడా ఎవరో అడిగారు, ఎవరో చేతికి అప్పగించారు. ముక్కూమొహం తెలియనివాళ్ల నిజాయతీ దానంతటదే గాలిలో ఉండదు. అప్పగిస్తే బయటికొస్తుంది.

పాతకాలం మంచిదని, ఊళ్లలో తాళాలే ఉండేవి కావని అనేవాళ్లకు ఒక మాట. ఊళ్లో కిరాయి సైకిల్ షాపతను గంటకు ఇంతని నోట్‌బుక్‌లో టైము రాసుకుని బండి ఇచ్చేవాడు, నిజమే. కానీ ముఖం తెలియనివాడు వస్తే, "ఎవరబ్బాయివి? తెలిసినవాళ్లనెవరినైనా తీసుకురా" అనేవాడు. ఆ నమ్మకం పరిచయం మీద నడిచింది. అపరిచితుల ఊసు అందులో లేదు. సైబరాబాద్‌లో అందరం అపరిచితులమే. హాస్టల్ గదిలో పక్క మంచం వాడి ఇంటిపేరు తెలియదు. ఇక్కడ కొత్తగా కావలసింది పరిచయం లేని నమ్మకం. దానికి పెట్టుబడి ఒక్కటే, నోరు తెరిచి అడగడం.

అడగడానికి మనిషి ఉండాలి కదా, చిక్కు అక్కడుంది. ఐటీ కారిడార్ రోడ్ల మీద కిలోమీటర్ల కొద్దీ అద్దాల గోడలు, వాటి ముందు ప్రహరీలు. 2013 నాటి ప్రజా భద్రత చట్టం పుణ్యమా అని జనం ఎక్కువగా చేరే సంస్థలకు సీసీ కెమెరాలున్నాయి. 2022 ఆగస్టు నుంచి బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటరూ ఉంది. దొంగ దొరకడానికి కెమెరా పనికొస్తుంది. "ఏయ్" అని అరవడం దానికి రాదు. అరవగలిగిన టీకొట్టు, పాన్ డబ్బా, టిఫిన్ బండి ట్రాఫిక్‌కు అడ్డమని లేచిపోతుంటాయి. 2024 జనవరిలో కుమారి ఆంటీ భోజనం బండిని పోలీసులు తీయించడం, ముఖ్యమంత్రి కలగజేసుకుని ఉండనివ్వమనడం రాష్ట్రమంతా చూసింది. ఆ గొడవలో ట్రాఫిక్ గురించి మాట్లాడారు, బతుకుదెరువు గురించి మాట్లాడారు. బండి లేచిపోతే ఆ ఫుట్‌పాత్‌కు కాపలా పోతుందని ఎవరూ అనలేదు.

ఇంకో చిక్కుంది. బ్రిటన్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీలో సైకిల్ స్టాండ్ల దగ్గర రెండు పెద్ద కళ్ల బొమ్మ వేసి, దొంగలూ మిమ్మల్ని చూస్తున్నాం అని రాసి పెట్టారు. 2012లో ఫలితం ప్రకటించారు. బొమ్మలున్నచోట దొంగతనాలు 62 శాతం తగ్గాయి. బొమ్మలు లేనిచోట 65 శాతం పెరిగాయి. దొంగ మానలేదు, పక్క స్టాండుకు వెళ్లాడు. నేను మంచి తాళం కొని, అక్కకు అప్పగించి, హాయిగా లోపలికి పోతే, దొంగ నా సైకిల్‌ను దాటి గుండ్రటి తాళమొక్కటే ఉన్న గార్డు సైకిల్ దగ్గర ఆగుతాడు. రాత్రంతా కోట్ల విలువైన భవనానికి కాపలా కాసేవాడి బండికి కాపలా ఉండదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం 5 వేల రూపాయల లోపు వస్తువు దొంగిలించి మొదటిసారి శిక్ష పడినవాడు దాన్ని గానీ దాని విలువ గానీ తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపోతుంది. ఆకలి దొంగను జైల్లో కుక్కకపోవడం మంచిదే. కానీ ఆ 5 వేల లోపు సైకిల్ పోయినవాడు మర్నాడు డ్యూటీకి ఎలా వెళ్లాడన్నది ఏ సెక్షన్‌కూ పట్టదు.

కాబట్టి నా సైకిల్ ఒక్కటి దక్కించుకోవడంతో ఈ విద్య పూర్తి కాదు. ప్రతి క్యాంపస్‌లో గేటు లోపల, సెక్యూరిటీ కుర్చీకి ఎదురుగా, నేలలో పాతి వంచిన ఇనప గొట్టాల వరస ఉండాలి. ఒక కారు జాగాలో పది సైకిళ్ల దాకా పడతాయి. మేనేజర్ కార్బన్ ఫైబర్ సైకిలూ హౌస్‌కీపింగ్ అమ్మాయి పాత సైకిలూ అదే గొట్టానికి కట్టాలి. అప్పుడు దొంగ వెళ్లడానికి పక్క స్టాండు మిగలదు. ఇది అడగాల్సింది ఉద్యోగులు. ఐడీ కార్డు ఉన్నవాళ్లు అడిగితే ఫెసిలిటీస్ వాళ్లు వింటారు.

ఆ గొట్టాలు వచ్చేదాకా ఫుట్‌పాత్ మీద నడిచే అందరికీ ఒక పని ఉంది. న్యూయార్క్ తీరంలో ఎవరూ అడగకపోయినా లేచిన ఆ 20 శాతంలో చేరడం. ఎవరైనా ఒక సైకిల్ మీద వంగి తాళం కోస్తూ కనిపిస్తే, "అన్నా, బండి నీదేనా?" అని అడగాలి. నిజంగా అతనిదే అయితే, తాళంచెవి పోగొట్టుకుని చెమటలు కక్కుతున్నవాడు పలకరించినందుకు ఏమీ అనుకోడు. పైగా, "కాస్త ఈ పక్క పట్టుకో అన్నా" అంటాడు.