పునశ్చరణ గ్రంథములు – రోగి శయ్య

వైద్యపరీక్షల కొరకు వెలువడు పునశ్చరణ గ్రంథములలో జనరల్ మెడిసిన్ భాగము పెద్దది. లక్షణము, రోగనిర్ణయము, చికిత్స అను మూడింటిని ఒకే పట్టికలో అమర్చుట వాని పద్ధతి. 2024 నీట్ పీజీలో 200 ప్రశ్నలకు 210 నిమిషములు. ప్రశ్నకు నిమిషము పైచిలుకు మాత్రమే. కనుక ఈ క్లుప్తత అవసరమే. అయినను దానివలన కలుగు లోపము చిన్నది కాదు.

మలేరియానే తీసికొందము. వైవాక్స్ జాతి పరాన్నజీవి కనబడినచో క్లోరోక్విన్ 3 దినములు, ప్రైమాక్విన్ 14 దినములు. పరీక్షలో దీనికి పూర్తి మార్కులు వచ్చును. కాని గోదావరి కెగువన, అడవులకు చేరువనున్న ఖానాపూర్ వంటి ఊరిలో వైద్యుని పని అక్కడనే మొదలగును. కొద్ది దినములలో జ్వరము తగ్గును. రోగి మందు మాని పొలమునకు పోవును. కాలేయములో నిద్రాణముగానున్న పరాన్నజీవులు కొన్ని వారములకో, నెలలకో మేల్కొని జ్వరమును తిరుగబెట్టును. వానిని చంపునది ప్రైమాక్విన్. అట్లని విచారింపక ఇచ్చుటయు ప్రమాదమే. జి-6-పి-డి అను ఎంజైము కొరత గలవారిలో అది ఎర్రరక్తకణములను చిట్లించును, గర్భిణులకు ఇవ్వరాదు.

ఈ మందు ఇన్ని దినములేల? ఎవరికి కూడదు? ప్రతి పట్టిక ప్రక్కన ఈ రెండు ప్రశ్నలను చేర్చిన గ్రంథమే మేలైనది. ఈ అలవాటు వైద్యకళాశాలకు ముందే ఏర్పడవలెను. ఉన్నత పాఠశాలలో మలేరియా జీవితచక్రమును బోధించునపుడు కాలేయదశ వద్ద ఉపాధ్యాయుడు ఒక్క క్షణమాగినచో, ఆ పదునాలుగు దినములకు కారణము విద్యార్థికి తానై తోచును.