'నో లోగో' – గ్రంథ విమర్శనము

కెనడా దేశీయురాలగు నవోమీ క్లైన్ రచించిన 'నో లోగో' 1999-2000 సంవత్సరముల సంధికాలమున వెలువడినది. 1999 నవంబరులో ప్రపంచ వాణిజ్యసంస్థ సమావేశమును ప్రతిఘటించుచు సియాటిల్ నగరమున వేలకొలది జనులు వీధులలోనికి వచ్చుటచే గ్రంథమునకు కాలము కలిసివచ్చినది. అట్టి గ్రంథములు కాలము మారినంతనే మరుగుపడుట కద్దు. ఇది యట్లు పడలేదు. ఏల పడలేదో విచారింపదగియున్నది.

గ్రంథము నాలుగు భాగములు: చోటు లేకపోవుట, ఎన్నిక లేకపోవుట, పని లేకపోవుట, తుదకు ఎదిరింపు. వర్తకులు సరకుకన్న దానిపై ముద్రించిన చిహ్నమునే యమ్మజూచుచున్నారనియు, ఆ వ్యాపారమునకు యువజనులే ముఖ్యలక్ష్యమనియు రచయిత్రి నిరూపించినది. అమెరికాలో 1990 మొదలు చానల్ వన్ అను సంస్థ పాఠశాలలకు టెలివిజన్ యంత్రములిచ్చి, ప్రతిఫలముగ పండ్రెండు నిమిషముల కార్యక్రమమున రెండు నిమిషముల ప్రకటనలను తరగతిగదిలోనికే చొప్పించినది. 2018లో అది మూతపడినను, గణితము నేర్చుబల్లపైననే కోరికలను గూడ నేర్పిన పద్ధతి మరువరానిది.

రచయిత్రి అంగడియొద్దనే యాగక ఫిలిప్పీను దీవులలోని కవీటే యెగుమతి మండలమునకు బోయి చూచినది. యంత్రములముందు కూర్చున్నవారును పల్లెలనుండి వచ్చిన పడుచుపిల్లలే. చిహ్నమును ధరించు పిల్లకును, దానిని కుట్టు పిల్లకును వయస్సున భేదము స్వల్పము. అంగడిపై నంత పెద్దగా వెలుగు పేరు కార్ఖానాగోడపై కానరాదు. ఈ రెండు లోకములను ఒక్క పుస్తకమున జేర్చుటయే దీని మహాగుణము.

దోషమును గలదు. పేరుగల సంస్థను పదుగురిలో సిగ్గుపరచిన దిగివచ్చునను నుత్సాహము గ్రంథమున హెచ్చు. దాని పరిమితిని రచయిత్రియే యొకచో నంగీకరించినను చదువరి మనస్సున నిలుచునది యా యుత్సాహమే. 2013 ఏప్రిల్ 24వ తేదీన ఢాకా సమీపమున రానా ప్లాజా భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. ముందునాడే గోడలు బీటలువారినను కూలివారిని పనికి రప్పించిరి. పిమ్మట మే మాసమున సంస్థలును కార్మికసంఘములును చట్టబద్ధమగు భద్రతా ఒడంబడిక వ్రాసికొనినవి. సిగ్గు ద్వారము తెరచినది. వ్రాతపూర్వకమగు కట్టుబాటే లోనికి నడిపించినది.

విశాఖ తీరమున అచ్యుతాపురమందును పరదేశములకు బట్టలు కుట్టువారిలో స్త్రీలే పెక్కుమంది. కావున నిది దూరదేశపు ముచ్చట కాదు. పేరుగల పాదరక్షలు కోరిన బిడ్డను గద్దించుట సులభము. ఇవి యెవరు కుట్టిరి, వారికి కూలి యెంత యని యడుగ నేర్పుట కష్టమేగాని యదియే విద్య. ఆ ప్రశ్నను మన యింట మొదలిడుటకు ఈ గ్రంథము చాలును. చట్టమువరకు గొనిపోవు భారము మాత్రము చదివినవారిదే.