పైపు కోయకుండా ప్రవాహాన్ని కొలిచే విద్య

పైపులో పారే నీటిని కొలవాలంటే చాలా మీటర్లకు పైపు కోయక తప్పదు. సరఫరా ఆపాలి, మధ్యలో మీటరు బిగించాలి. లోపల చక్రమో, రంధ్రపు పలకో ఉంటే ప్రవాహానికి అదొక అడ్డంకి, ఒత్తిడి కొంత పోతుంది. పైపు బయట పట్టీలతో బిగించే అల్ట్రాసోనిక్ మీటరుకు ఈ గొడవ లేదు.

ఇందులో రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి ప్రవాహానికి ఎగువన, మరొకటి దిగువన. మన చెవికి అందని ధ్వనిని ఇది దానికి, అది దీనికి పంపుకుంటాయి. ఏటి వాలుకు ఈదేవాడు ఎదురీదేవాడికంటే ముందు చేరినట్టే, దిగువకు వెళ్లే ధ్వని త్వరగా చేరుతుంది. ఆ కాలాల తేడాయే నీటి వేగాన్ని చెబుతుంది. తేడా మాత్రం అతి స్వల్పం. 20 డిగ్రీల నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,480 మీటర్లు. 200 మిల్లీమీటర్ల పైపులో నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున పారుతుంటే, 45 డిగ్రీల వాలుగా దాటే ధ్వనికి పట్టే కాలం దాదాపు 190 మైక్రోసెకన్లు. రెండు దిశల మధ్య తేడా అందులో వెయ్యో వంతుకు కాస్త తక్కువే.

మురుగు, బురద నీటిలో ఈ పద్ధతి సాగదు. రేణువులు, బుడగలు ధ్వనిని చెదరగొడతాయి. అక్కడ 1842లో డాప్లర్ వివరించిన సూత్రం అక్కరకొస్తుంది. కదిలే రేణువులకు తగిలి తిరిగొచ్చే ధ్వని పౌనఃపున్యం మారుతుంది, ఆ మార్పే కొలత. శుభ్రమైన నీటిలో మాత్రం ఇది పనిచేయదు, ధ్వనిని తిప్పిపంపేదేదీ ఉండదు గనక.

ఇక మిగిలింది చేతిపని. సెన్సరు పెట్టేచోట రంగు, తుప్పు గీకేయాలి. సెన్సరుకు, పైపుకు నడుమ గాలి మిగలకుండా జెల్ పూయాలి. అడ్డంగా వేసిన పైపుకైతే పక్కలకు బిగించాలి. పైన గాలి చేరుతుంది, అడుగున మడ్డి పేరుకుంటుంది. మలుపు దాటాక ప్రవాహం కుదురుకోవాలి కాబట్టి ఎగువన పైపు వ్యాసానికి పది రెట్లు, దిగువన ఐదు రెట్లు తిన్నని పైపు వదలడం వాడుక.

అన్నిటికీ మించి, మీటరు కనిపెట్టేది వేగాన్నే. పైపు కొలతలు మనం చెప్పాల్సిందే. లోపలి వ్యాసంలో 2 శాతం పొరబడితే వైశాల్యంలో తప్పు సుమారు 4 శాతం. పంపు దగ్గర, ట్యాంకు దగ్గర ఒకే మీటరుతో కొలిచి మధ్యలో ఎంత కారిపోతోందో తేల్చగలగడం ఈ సాధనం ఇచ్చే పెద్ద సౌకర్యం. కొలతలు తప్పితే మాత్రం లేని లీకు కూడా కనిపిస్తుంది. అందుకే సెన్సర్లు బిగించకముందే పైపు చుట్టూ టేపు వేసి చూడాలి, గోడ మందాన్ని గేజీతో రెండు మూడు చోట్ల తీయాలి. రోడ్డు తవ్వాలా వద్దా అన్నది తేలేది ఆ కొలతల మీదే.